రబ్బరు వేయని బెజ్జం

1956 సెప్టెంబరు 28

ఏ వైరు ఎక్కడికి పోతుందో రాసిపెట్టమని బస్సు ఓనరు బసవన్న ఈ డైరీ ఇచ్చినాడు. నాకు అక్షరాలు యుద్ధంలో, మిలిటరీ లారీల షెడ్డులో వచ్చినవి. రాతలో తప్పులుంటే ఉండనీ. వైరింగులో ఉండవు.

బస్సు పాతది. వైర్లు ఎలుకలు కొరికి, అతుకుల మీద అతుకులు. అంతా పీకి పారేసినాను. ఆయుధపూజ మర్నాడే డోన్ నుంచి నందికొట్కూరుకు మొదటి ట్రిప్పు. నాకు అరవై రెండేళ్లు వచ్చినాయి. ఒక బండికి ఈ చివర నుంచి ఆ చివరికి నేనొక్కణ్ణే వైరింగు చేయడం ఇదే మొదలు. అన్నం కూడా దిగడం లేదు. మన పెండ్లినాడు కూడా నీ ముఖం ఇట్లా వెలగలేదని మా ఇంటిది భీమక్క ఎత్తిపొడిచింది.

అక్టోబరు 2

ఇనుములో బెజ్జం చేసిన ప్రతిచోటా రబ్బరు వాషరు తొడిగి, అందులోంచి వైరు లాగుతున్నాను. డ్రైవరు గాబ్రియేలు చూసి నవ్వినాడు. బెజ్జానికో రబ్బరా, పెండ్లికూతురికి గాజులు తొడిగినట్టుంది అన్నాడు. చెప్పుల్లేకుండా ముండ్లలో నడిచి చూడు, నా వైరు బాధ తెలుస్తుంది అన్నాను. బస్సు ఊగే కొద్దీ ఇనుము వైరును కోస్తుంది. ఈ కాలం డ్రైవర్లకు ఇది ఎక్కదు.

పాత బండిలో ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టేవాడంట. బసవన్న షెడ్డంతా వినేటట్టు తిట్టినాను. ఎక్కడో తప్పుందని ఫ్యూజు కాలి చెబుతుంది. దాని నోరు మూస్తే బండే కాలుతుంది.

అక్టోబరు 8, సాయంత్రం 6

వెలిగినాయి. రెండు లైట్లూ వెలిగినాయి. షెడ్డు గోడ మీద రెండు సూర్యుళ్లు. గాబ్రియేలు హారను కొడితే ఎవరిదో పాడి ఎనుము తాడు తెంపుకొని పరిగెత్తింది.

అక్టోబరు 13, ఆయుధపూజ

గుమ్మడికాయ కొట్టినాము. ఆంజనేయస్వామి పటం నీ చేత్తోనే పెట్టమని బసవన్న అన్నాడు. డ్యాష్ బోర్డు ఇనుప పలకకు నడిమధ్యన మేకు కొట్టి తగిలించి, బంతిపూల దండ వేసినాను. గాబ్రియేలు ఏదో నసిగినాడు. ఈ పూట కూడా వాడు నోరు మూసుకోడు.

అక్టోబరు 14

డ్రైవరు పక్కన కూర్చుని పోయినాను, పెండ్లికొడుకులాగా. కర్నూలు దాటినాక గతుకుల్లో హారను పోయింది. ఫ్యూజు. ఇంకొకటి వేసినాను.

అక్టోబరు 17

నాలుగు ఫ్యూజులు కాలినాయి. నా పనిలో తప్పు లేదు. నేను లేనప్పుడు గాబ్రియేలే ఏదో కెలుకుతున్నాడు, వెండికాగితం బుద్ధి పోలేదు. అదే బసవన్నకు అందరి ముందరా చెప్పినాను. రేపటినుంచి రావద్దు అని వానితో అన్నాడు బసవన్న. గాబ్రియేలు తాళం చెవి బానెట్టు మీద పెట్టి పోయినాడు.

వాని పెండ్లాం కృపమణికి నెలలు నిండినాయని భీమక్క అంది. నిండితే? తప్పు తప్పే.

అక్టోబరు 19

కొత్త డ్రైవరు. అయిదో ఫ్యూజు. ఇంకొకటి కాలితే నీ వైర్లన్నీ పీకించి కర్నూలు మేస్త్రీతో కట్టిస్తానన్నాడు బసవన్న.

అక్టోబరు 20, పొద్దున 10

దొరికింది. తొందరలో రాత వంకర పోతోంది.

ఫ్యూజు తీసి దాని చోట బల్బు తగిలించినాను. స్విచ్చులన్నీ ఆపినాను. అప్పుడు బల్బు వెలగకూడదు, వెలిగితే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతున్నట్టే. వెలగలేదు. డ్యాష్ బోర్డు మీద పిడికిలితో గుద్దినాను. మిణుక్కుమంది. మళ్లీ గుద్దినాను. మళ్లీ మిణుక్కుమంది. ఇరవై ఏళ్ల వానిలాగా ఎగిరి స్క్రూలు విప్పి పలక తీసినాను.

హారను వైరులో దిగిన మేకు మొన, బండి ఊగినప్పుడల్లా కరెంటును ఇనుములోకి పారిస్తోంది. నేను కొట్టిన మేకు.

వాడు నసిగింది ఇప్పుడు బాగా వినపడుతోంది. “ఆడ వద్దు పెద్దాయనా, పలక వెనకనే నీ వైరు పోతాంది” అన్నాడు. “నా వైరు యాడ పోతాదో నాకే చెప్తాండావా?” అన్నాను.

షెడ్డులో ఎవరూ లేరు. మేకు పీకి, వైరు అతికి, టేపు చుట్టి గమ్మునుంటే అయిపోతుంది.

అదే రోజు, పన్నెండు దాటి

బసవన్నకు చెప్పినాను. ఆ పొద్దు విన్నవాళ్లందరినీ పిలిపించి చెప్పినాను. మేకు చూపించినాను. ఒకడు నవ్వినాడు. నవ్వనీ.

చర్చి వెనక గాబ్రియేలు ఇంటికి పోయినాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పినాను, రేపు బండెక్కమన్నాను. నా చేతిలోని మేకు తీసుకొని మొన తడిమి చూసినాడు.

“మల్లా ఫ్యూజు కాలితే?”

“మొదట నన్ను అడుగప్పా.”

కృపమణి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగినాను.

అక్టోబరు 22

పటాన్ని దారంతో కట్టినాము. ముడి గాబ్రియేలు వేసినాడు. మేకు చేసిన బెజ్జంలో నేను రబ్బరు తొడిగినాను. అందులోంచి ఏ వైరూ పోదు. అయినా తొడిగినాను.