తలైవర్ లేని గుంపుతో పొత్తు

పార్టీ ఆఫీసు, కోయంబత్తూరు

కూతురూ తోళరూ, అంటే కామ్రేడూ, అయిన నివేదితకు,

వార్డు ఎన్నికలో ఎదుటివాడు గెలిస్తే మీ చదువుల గదిని గోడౌన్ చేస్తానన్నాడట. భయపడొద్దు. మా పార్టీ మీ గుంపుతో పొత్తుకు సిద్ధం. పత్రం మీద సంతకానికి మీ తలైవర్, అదే మీ నాయకుడు, పేరు రాయి.

ఎర్ర దండాలతో,
చిన్నాయన కుప్పుసామి,
జిల్లా కార్యదర్శి

తా.క. వాట్సాప్‌లో వద్దు. అందులో రహస్యం పెడితే మా పార్టీలో ఇద్దరికి తప్ప అందరికీ చేరుతుంది. ఆ ఇద్దరూ నాయకులు.

తుడియలూరు

చిన్నాయనకు దండాలు.

పంపుల వర్క్‌షాపుల వాళ్లూ నేనూ కలిసి పన్నెండుమందిమి గది నడుపుతున్నాం. మాకు తలైవర్ లేరు. ఒకరి మాట ఇంకొకరి నెత్తినెక్కకూడదనే కదా గుంపు కట్టింది! పొత్తు లేకుంటే గది పోతుంది, నిజమే. కానీ మీ దాంట్లో పైవాళ్లు చెప్తారు, కిందివాళ్లు చేస్తారు. కలిస్తే మేమూ అట్లే అయిపోతామేమోనని అనుమానం. ఆ అనుమానమే తప్పేమోనని ఇంకో అనుమానం.

మీ నివేదిత

తా.క. ఏ చీపురు కొనాలని నెలగా మాట్లాడుకుంటున్నాం. గది మురికిగానే ఉంది గానీ ఎవరూ ఎవరికీ లొంగలేదు.

కోయంబత్తూరు

అమ్మా నివేదితా,

అర్థమైందిలే. తలైవర్ పదవికి మీలో ఇద్దరు కొట్టుకుంటున్నారు, నువ్వు పేరు చెప్పలేకున్నావు. ఇన్నేళ్లు పార్టీలో ఉన్నాను, నాకా తెలియనిది! పైవాళ్లతో మాట్లాడి సభలో మేడై మీద రెండు కుర్చీలు ఒప్పించాను.

చిన్నాయన

తా.క. మూడో మనిషి అలిగితే ఇప్పుడే చెప్పు. స్టూలుంది.

తుడియలూరు

చిన్నాయనా,

కొట్లాటా లేదు, కుర్చీలూ వద్దు. మాట్లాడి మాట్లాడి ఒప్పుకున్నాం: పొత్తుకు సరే. పన్నెండుమందిమీ సంతకం పెట్టి పత్రం పంపుతున్నాం. మీ పక్కనా అందరినీ అడిగే సంతకం పెట్టాలి. "లేకుంటే గది పోనీ" అంటోంది మా గుంపులో భాగ్యం. నేను అంత గట్టిగా అనలేను. గది పోతే ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటాం?

నివేదిత

తా.క. చీపురు కొన్నాం. ఎవరు ఊడవాలన్నది చర్చలో ఉంది.

కోయంబత్తూరు

నివేదితా,

పొత్తు ఖాయం. మీ వార్డులో మావాళ్ల ఓట్లన్నీ మీ గదిని నిలబెట్టడానికే. పత్రం చూసి కమిటీవాళ్లు, "వాళ్లంతా పెట్టినారే, మమ్మల్ని ఎప్పుడైనా అడిగినారా తోళర్?" అన్నారు. సరే, పొత్తుకు ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు. దించకముందే పళనిసామి లేచి, "అట్లే కార్యదర్శినీ మార్చేద్దామా?" అన్నాడు. ఒక్క చెయ్యీ దిగలేదు. నాదీ పైనే ఉండిపోయింది!

కొత్త కార్యదర్శి నా పక్కనే చెయ్యెత్తిన మీ చిన్నమ్మ కల్యాణసుందరి. ఏమోగానీ, హాయిగా నిద్ర పడుతోంది.

పదవి లేని
చిన్నాయన

తా.క. ఇప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆమే తలైవర్. మీ గుంపులో నన్ను చేర్చుకుంటారా? ఆజ్ఞ లేకుండా ఉండటం నాకు అలవాటు లేదు. మొదటి వారం మాత్రం ఎవరైనా నన్ను కాస్త గదమాయించండి.