తెల్లగ గీకిన పొట్టలు

వరంగల్లు,
ఆయితారం, 1981.

బిడ్డ రాజేశ్వరికి మీ బాపు దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అవ్వ బాగనే ఉన్నం. హైద్రాబాదుల నువ్వు బాగుండాలె. మన దుకాణంల పనిచేసే గట్టయ్య మాత్రం బాగలేడు. ఎందుకో రాస్త.

అవ్వ నొప్పి గోలీలు ఇంకా మింగుతాందా అని అడిగినవ్. మానిపిచ్చిన. ఆ గోలీలకు పొట్టల పుండెందుకైతదో తెలుసుకునెటందుకే గద నీ చదువు. పొట్ట పొరల, పుండుగాకుంట కాపాడే ప్రోస్టాగ్లాండిన్ ఎంత పుడుతది, ఎంతసేపట్ల ఇరిగిపోతది అని. ఆ పేరు నీ ఉత్తరం ముందట పెట్టుకొని అచ్చరం అచ్చరం దిద్దిన, నవ్వకు.

ఆ చదువుకని మూడు నెలలు నేను కోసిచ్చిన మేకపొట్టలు గట్టయ్య మంచుపెట్టెల సైకిలు మీద వరంగల్లుల మీ కాలేజికి మోసిండు. నువ్వు వాటిని హైద్రాబాదు తీస్కపోయి మిషన్ల పెడితె ఆ సరుకు ఆనవాలే లేదు, ఎవరన్న మార్చిండ్రా అని రాసినవ్. దొంగలెక్కలని మీ సారు ఈ నెల ఎల్లగొడ్తడట. నా నెత్తురు మసిలింది.

పొద్దుగాల్నే గట్టయ్య మెడవట్టి మాంసం కొట్టే మొద్దుకు మూతి గుద్దిన. "మంచియి అమ్ముకొని పాతయి పెట్టినవారా?"

"మూత గుడ తియ్యలే కాకా!"

మల్ల గుద్దిన. ముందటి పండ్లు రెండు ఊడి మేక నెత్తుర్ల వడ్డయి. తోలు ఒలిచే కత్తి గొంతుకు పెట్టిన. నలుగురు గుంజకపోతె ఇయ్యాల ఠాణల ఉందును.

వాడు నెత్తురు ఉమ్మేసి అన్నడు: "నువ్విచ్చే పొట్టలు ఉతికిన బనీను లెక్క తెల్లగ ఎందుకుంటయ్ కాకా?"

నా చేతుల కత్తి కింద వడ్డది.

కడగొద్దు బాపు, కోసింది కోసినట్టె పెట్టు అన్నవ్ నువ్వు. ఇనలే. నా చేతి బోటి పేడ కంపుతోని మీ సార్ల ముందటికి పోవుడా? మేకలు కోసేటోని బిడ్డ అని నిన్ను నవ్వరా? మసిలే నీళ్లల్ల ముంచి, సున్నం రుద్ది, లోపలి పొరంత గీకి పంపిన. నీ సరుకు ఆ పొరలనే ఉంటదని నీ ఉత్తరం రెండో కాయిదంల ఉన్నది. మొదటిది చదివే లేసి పోయిన. నువ్వన్న పోల్చకపోతివి. కోతకాడికి నిన్నెన్నడు రానియ్యలే, కడిగిన బోటి తప్ప నువ్వు చూడలే.

గట్టయ్య ఇంటికి పోయి "కొట్టురా" అన్న. కొట్టలే. "నువ్వే కడిగినవని బిడ్డకు రాయి. రాసిందాక కదల" అని ఎంట వచ్చిండు. మూతికి గుడ్డ పెట్టుకొని ఎదురుంగ కూసున్నడు.

ఈ కాయిదం మీ సారుకు చూపియ్యి. దొంగతనం నీ లెక్కల లేదు. రేపటిసంది పేడతోని, నెత్తురుతోని పంపుత. కాలేజికి గట్టయ్యే తెస్తడు.

"రాసినవా కాకా?" అంటాండు. రాసిన.

ఇట్లు,
పొట్టలు కడిగిన మీ బాపు
వీరభద్రం