చెల్లెమ్మ వచ్చింది, పదండి

అక్కకు,

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతిలో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పాయో నువ్వే సరిచేసుకుని చదువుకో. పైగా పగలంతా హ్యాండిల్ పట్టుకుని వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి.

"సైకిళ్ళ మీద పల్లెలన్నీ తిరిగొద్దాం, నువ్వూ రా" అని ఆయన అడిగినప్పుడు ఎంత మురిసిపోయానో నీకు తెలుసు. పెళ్ళయ్యాక నన్ను ఒకచోటికి రమ్మనడం అదే మొదలు. ఆయనతో వర్క్‌షాపులో పనిచేసే ముగ్గురు స్నేహితులూ వచ్చారు. మంచివాళ్ళే, నన్ను చెల్లెమ్మా అంటారు. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న, అది దాటితే ఉల్లి, మళ్ళీ మొక్కజొన్న. ఆ మధ్యలో నేనొక్కదాన్నే.

వాళ్ళు నలుగురూ గాలిలా పోతారు. ఏదో మలుపు దగ్గర నీడ చూసుకుని నాకోసం ఆగుతారు. నీళ్ళు తాగుతారు, కబుర్లాడుకుంటారు, ఒకాయన కునుకు కూడా తీస్తాడు. నేను రొప్పుతూ చేరేసరికి వాళ్ళలో పొడుగాయన లేచి ప్యాంటు దులుపుకుంటాడు. "చెల్లెమ్మ వచ్చింది, పదండి" అంటాడు. అందరూ లేస్తారు. రోజంతా ఇదే వరస. వాళ్ళు సేదతీరి బయల్దేరతారు, నేను ఆ చెమటతోనే. కాసేపు కూర్చుంటానని అడగడానికి నాకు నోరు రాదు.

ఇవాళ చైను ఊడింది. కేకేస్తే వినిపించే దూరంలో ఎవరూ లేరు. చేతులన్నీ నల్లగా చేసుకుని ఎక్కించుకున్నాను. రోడ్డు చీలిన చోట కూడా ఎవరూ లేరు. పక్క పొలంలో ఉల్లిగడ్డలు ఏరుతున్న పెద్దావిడ నన్ను చూసి లేచింది.

"ఎవరితో వచ్చావమ్మా?"

"మా ఆయనతో."

"ఏడీ?"

"ముందున్నారు."

ఆవిడ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చాలాసేపు చూసింది. "బాగానే ముందున్నాడు" అంది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆవిడేమీ అడగలేదు. గోనెసంచి పరిచి కూర్చోమంది. నన్ను లేవమనేవాళ్ళు లేకపోతే కాళ్ళు ఎంత హాయిగా ఉంటాయో అప్పుడు తెలిసింది.

సాయంత్రం బస చేరేసరికి వాళ్ళు స్నానాలు చేసి పేకాడుతున్నారు. "ఆలస్యమైందేం?" అన్నారాయన ముక్కల్లోంచి తలెత్తకుండానే. "చైను ఊడింది" అన్నాను. "ఎక్కించుకున్నావా? సరే" అన్నారు.

రేపు బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతానని చెప్పేస్తాను. ఎలా చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

నీ పిట్ట

అక్కకు,

చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"మధ్యలో వెళ్ళిపోతే వీళ్ళేమనుకుంటారు? నీకోసం ప్రతిచోటా ఆగుతూనే ఉన్నాం కదా."

"ఆగింది మీరు. నేనెక్కడా ఆగలేదండీ" అన్నాను.

నా గొంతేనా అనిపించింది. ఆయన లేచి బయటికి వెళ్ళారు. నా సైకిల్ చైను విప్పి, తుడిచి, నూనె వేసి పెట్టారు. ఇక ఎక్కనని చెప్పినా సరే, వేశారు. తెల్లారాక వాళ్ళు వెళ్ళిపోయారు. బస యజమాని నా సైకిల్‌ను బస్సు టాపు మీద కట్టించాడు.

బస్సు కొంతదూరం వాళ్ళ దారిలోనే వెళ్ళింది. మొక్కజొన్న చేల పక్కన ఆయన కనబడ్డారు, ఒక్కరే. స్నేహితులు ఎంత ముందుకెళ్ళారో. ఒక కాలు నేల మీద ఆనించి, మెడ తిప్పి, వచ్చిన దారినే చూస్తున్నారు. బస్సు ఆయన్ని దాటింది. దుమ్ములో నన్ను చూసి ఉండరు. వెనకద్దంలోంచి చూశాను. ఇంకా అటే చూస్తున్నారు, ఖాళీ రోడ్డు వైపు.

కండక్టర్ నా పక్కనే ఉన్నాడు. ఆపమంటే ఆపేవాడు. నాకు దిగాలనే ఉంది అక్కా. అప్పుడే ఎవరో లేచారు, సీటు దొరికింది. కూర్చున్నాను.

నేను చూసీ పిలవలేదన్న సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియకూడదు. బావ చేతిలో పడితే ఊరంతా నవ్వుకుంటుంది. ఈ రెండు ఉత్తరాలూ నువ్వే నీ చేత్తో కాల్చెయ్యి.

నీ పిట్ట