హీనా బండి నూడుల్స్

మౌలాబీ వదినకు సలాం.

మగాడు బయట ఓ ప్లేటు నూడుల్స్ తింటే తప్పేంటని ఫోన్లో అన్నారు. రోజూ తింటే కడుపేం కావాలి వదినా? మీ తమ్ముడు ఇంట్లో అన్నం మానేసి వాడరేవు రోడ్డులో హీనా బండి దగ్గరే తింటున్నారు. నా పండుమిరప పచ్చడి మాత్రం మంటట.

నిన్న నేనే వెళ్లి ఓ ప్లేటు తిన్నాను. ఎర్రగా, ఘాటుగా, బాగా తెలిసిన రుచి. ఏం కలిపావని హీనాను అడిగాను.

"మీ పచ్చడేనక్కా. అన్నయ్యే తెచ్చిచ్చాడు. ఇలా నూరడం మా ఆవిడకే వచ్చని తెగ చెప్తాడు" అంది.

నాతో ఏనాడూ అనలేదు.

ఈసారి మీ చేలోని పండుమిరపకాయలు ఇంకో బుట్ట ఎక్కువ పంపండి. బండికి పచ్చడి నేనే పట్టుకెళ్తాను. ఆ పిల్లతో అనే మాట నా ఎదురుగా అంటారేమో చూస్తాను.

మీ మరదలు