దయ్యాన్ని దించే పని

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ్టి నుంచి బిల్డింగ్ సైటు లేదు. బిల్డింగులకు పరంజాలు కట్టే మా స్కాఫోల్డింగ్ కంపెనీ నలుగురిని సినిమా వాళ్ల దగ్గరికి పంపింది. ఖతార్‌లో అల్ ఖోర్ ఊరు దాటాక ఎడారిలో కోట సెట్టు వేశారు. కరాటే సినిమా, కామెడీ, పైగా దయ్యం. చచ్చిపోయిన మాస్టారు దయ్యమై గాల్లోంచి వచ్చి శిష్యుడిని తంతాడు. ఆ దయ్యం వేషం మా నగేష్‌ది. నా దగ్గరే పని నేర్చాడు, కోరుట్లలో కరాటే కూడా నేర్చాడట. వాడి బెల్టుకు కట్టిన తాడు కప్పీ మీదుగా మా చేతుల్లోకి వస్తుంది. ఎత్తేటప్పుడు ముగ్గురం. దించేటప్పుడు తాడు జారకుండా ఆపే బ్రేక్ చెయ్యి నాది.

పంతొమ్మిదేళ్లు పైపులు లాగాను. ఇప్పుడు దయ్యాన్ని లాగుతున్నాను.

నవంబర్ 11

పదకొండు టేకులు. దయ్యం ధబీమని దూకాలట, మేం దించితే సిమెంటు బస్తా దిగినట్టు మెల్లగా దిగుతోందట. సైట్లో ఏ లోడునూ వదలకూడదని నేర్చిన చేతులు, వదలమంటే వదులుతాయా? హీరో కూడా నవ్వాడు. ఫోర్‌మన్ మహబూబ్ భాయ్ మాత్రం నవ్వలేదు. జర ఇడువు రాజన్నా, మూడు మీటర్లు ఇడిసి పట్టుకో అన్నాడు.

విడవడం కష్టం కాదు. పట్టుకోవడమే.

నవంబర్ 12

షర్టు వేసుకోవడానికి కుడి చెయ్యి లేవలేదు.

నవంబర్ 14, శుక్రవారం

సెలవు. బట్టలు ఉతకలేదు. భుజం సంగతి ఎవరికీ చెప్పలేదు. క్లినిక్‌కు వెళితే అన్‌ఫిట్ రాస్తారు. అన్‌ఫిట్ అంటే ఇంటికి టికెట్. ఇంటి నుంచి మా ఆవిడ రాములవ్వ ఫోన్ చేసి, దుబాయ్‌ల సినిమా తీస్తున్నరట గద, హీరో ఎట్లుంటడు అని అడిగింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. నేను తాడునే చూస్తానే అన్నాను. పడీ పడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 16, ఉదయం 10

జారింది.

మూడు మీటర్లు విడిచి పట్టుకున్నాను. పట్టు నిలవలేదు. గ్లవ్స్‌లోంచి ఇంకో మీటరు పోయింది. నా వెనక తాడు పట్టుకునే తిమ్మప్ప ఆపాడు. నగేష్ మోకాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. సూపర్ అట, ఇదే కావాలట, రేపు ఆరు మీటర్ల నుంచి ఇలాగే వదలాలట.

అందరూ నా భుజం తట్టారు. సెట్టు వెనక్కి వెళ్లి పళ్లతో గ్లవ్స్ విప్పుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 4

బస్సులో నగేష్‌కు భుజం సంగతి చెప్పేశాను. నాకెరుకే అన్నా, నాలుగు దినాల సంది తాడు వణుకుడు నా ఈపుకు తెలుస్తున్నది అన్నాడు. చెప్తే నిన్ను పంపిస్తరు గద అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. నీ మెడ విరిగితే మీ అమ్మకు ఏం చెప్పాలిరా అని అడిగాను. తిట్లన్నీ తిన్నాడు. తర్వాత సగం సమోసా నాకిచ్చాడు.

నవంబర్ 17

మహబూబ్ భాయ్‌కు చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. రేపు పదింటికి క్లినిక్ అన్నాడు. ఆరు మీటర్లకు మనిషిని కట్టనని డైరెక్టర్‌కు ఖరాఖండిగా చెప్పాడు. దయ్యం బట్టల్లో ఇసుక బస్తా పెట్టి వదిలాం. బస్తా తన్నదు కదా అని డైరెక్టర్ బాధ.

ఇక మాకు మిగిలింది ఒకటే షాట్. రేపు పొద్దున్నే దయ్యం మెల్లగా పైకెళ్లిపోవాలి, ముఖం కనబడదు. నగేష్ మోకాళ్లు వాచాయి, బెల్టు వేసుకోలేడు. కానీ బ్రేక్ పట్టడం వాడికి వచ్చు. వేషం నాకు సరిపోయింది. నేనంత ఎండిపోయానన్న సంగతి అద్దంలో చూసేదాకా తెలియదు.

నవంబర్ 18, ఉదయం 7

పై నుంచి సముద్రం కనిపించింది. చేతులు ఊరికే వేలాడాయి. డైరెక్టర్ కట్ అన్నాడు. క్లినిక్‌కు ఇంకా మూడు గంటలుంది. నగేష్ దించలేదు. నేనూ దించమనలేదు.