కడగని వెండి

అక్కా,

నీ కాలి పుండు ఫోటో చూశాను. "ఏ మందూ పనిచెయ్యట్లేదు, పాదం తీసెయ్యాలంటున్నారు, నీ వెండి మందు ఎప్పుడిస్తావే?" అని రాశావు. ఇవ్వను. ముందు తిట్టు, తర్వాత విను.

వెండిని కంటికి ఆనని రేణువులుగా చేస్తాం. అవి ముద్దకట్టకుండా ఒక రసాయనం కలుపుతాం. తర్వాత యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేరిన నీళ్ళు వంపేసి, ఆ రసాయనం మిగలకుండా మళ్ళీ మళ్ళీ కడగాలి. విసుగు పని. మందును అందరికీ చూపించే తొందరలో మా ల్యాబువాళ్ళు ఆ కడగడం ఎగ్గొట్టారు. మొండి బ్యాక్టీరియా పెరిగిన ప్లేటులో చుక్క వేస్తే చుట్టూ అది చచ్చి అద్దంలా తేటపడింది. చప్పట్లు! నాకు మింగుడుపడలేదు. వెండి తీసేసి, ఉత్త పైనీళ్ళు ఇంకో ప్లేటులో వేశాను. అదీ అంతే తేటపడింది. ఘనత వెండిది కాదు, కడగకుండా వదిలేసిన రసాయనానిది, మా బద్ధకానిది. ఆ నీళ్ళకి చర్మకణాలూ చచ్చాయి.

"ఆ ఒక్క ప్లేటూ బల్లమీద లేకపోతే ఆకాశం ఊడిపడుతుందా అమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"ఊడేది ఆకాశం కాదు సార్, మా అక్క కాలి చర్మం."

నేను సైన్సుకి వ్యతిరేకినట! ప్లేటు దాచేవాడు సైన్సు మనిషి, చూపించేది వ్యతిరేకి! యాంటీబయాటిక్‌లను ఇలాగే తగలేశాం కదా. జలుబుకీ మింగాం, కోళ్ళ మేతలోనూ కలిపాం. చావగా మిగిలిన బ్యాక్టీరియా రాటుదేలింది. ఇప్పుడు ఈయన వెండిని సాక్సులకీ గోడలకీ పూయిస్తాడట. ఆ బ్యాక్టీరియా వెండికీ అలవాటుపడితే నీలాంటివాళ్ళకి ఏం మిగులుతుంది?

వెండి పనిచేసిందన్న రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. రేపు ల్యాబులోకి రానివ్వకపోవచ్చు. కడిగిన వెండి కూడా చంపుతుంది అక్కా, కానీ కొంచెమే. అది మందయ్యేలోగా నీ పాదం ఉంటుందో లేదో. ఈ ఒక్క మాట రాయలేకే ఇంతసేపు అరిచాను.

నీ మొండి చెల్లి


మొండిదానా,

అరవకుండా నువ్వు రాసిన ఉత్తరం ఒక్కటైనా ఉందా?

ఇది నాకు అందకముందే మీ డైరెక్టరు పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ట్యూబు చేతిలో పెట్టి, "మీ చెల్లెలికి మీ బాధ పట్టదమ్మా. రాసుకోండి, తగ్గాక ఒక్క ఫోటో ఇవ్వండి చాలు" అన్నాడు. నిజం చెప్తున్నా, మూత తీశాను. ఆశ పాడుది. నీ సంతకం లేనిదే మీ మందు బయటికి రాదని ఎప్పుడో చెప్పావు కదా, తీశాక అడిగాను, "మా చెల్లి సంతకం పెట్టిందా?" అని.

"పెడుతుందిలెండి."

"అయితే పెట్టాకే రండి. పళ్ళు మాత్రం ఉంచి వెళ్ళండి."

నిన్న పాదం తీసేశారు. ఏడ్చే పని నేను పూర్తి చేశాను, నువ్వు మళ్ళీ మొదలెట్టకు. ఇకమీదట ఒంటికాలి మీద లేవడం నా వంతు. నువ్వు కూర్చుని పని చెయ్యి. నా పుండులోని బ్యాక్టీరియాను ఇక్కడి ల్యాబులో పెంచి ఉంచారు. నీకోసం దాచమని డాక్టరుగారిని అడిగాను. అక్కడ తలుపు మూస్తే ఇక్కడ ఒక బల్ల ఇస్తానన్నారు. నా పాదాన్ని తిన్నది అదే. వెండిని శుభ్రంగా కడిగి దానిమీద వెయ్యి. చావకపోతే చావలేదనే రాయి.

నాకింకో పాదం ఉంది. దానికి అబద్ధం చెప్పకు.

నీ అక్క