చింతపండు నీళ్ళలో మాయమైన రాయి

వాషర్‌మన్‌పేట, మద్రాసు
12-5-1954

తమ్ముడు తిరువేంగడానికి అక్క గోవిందమ్మ దీవెనలు. ఈ పొద్దుకు బతికే ఉండాను, రేపటి మాట చెప్పలేను.

సేలం కొండల్లో రాళ్ళేరేదానికి పోతా పోతా "ఇంట్లో ఉండే మూడు రాళ్ళూ కడిగి పెట్టక్కా" అన్నావు. ఎట్టా కడగాలో చెప్తివా? నాకు తెలిసింది ఇత్తడి బిందె తోమేది. నిన్న మట్టిచట్టిలో చింతపండు నీళ్ళు పోసి, రాళ్ళు నానేసి, పెరట్లో మూత పెట్టి ఉంచితిని. పొద్దున చూస్తే పసుపుదీ నల్లదీ రెండే ఉండాయి! అద్దం మాదిరి మెరిసే తెల్ల రాయి లేదు. నీళ్ళు కూడా సగమే. మూత మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉండాది. దొంగయితే రాయి ఎత్తుకుపోతాడు, నీళ్ళెందుకు తాగుతాడు? ఇది దయ్యమే.

నీ అక్క
గోవిందమ్మ

తా.క. మంత్రగాడు చిన్నసామిని పిలిపించినా. చట్టి దగ్గరికి రమ్మంటే రాలా, వాకిట్లో నిలబడే నిమ్మకాయలు విసిరినాడు.

సేలం
13-5-1954

అక్కకు నమస్కారాలు. నేను క్షేమం. ఆ చట్టి ముట్టుకోకపోతే నువ్వూ క్షేమమే.

దయ్యం లేదు, పాడూ లేదు. తెల్లది ఉప్పు రాయి. నీళ్ళలో వేస్తే కరగక ఏం చేస్తుంది? నా గుండె దడ ఆ పసుపు రాయి గురించి. అది తాళకం, అందులో ప్రాణం తీసే పాషాణం ఉంది. దాన్ని తడపనే కూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని కుంచెతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నల్ల రాయి ఒక్కటే నీళ్ళకు ఆగుతుంది. ఇవేవీ చెప్పకుండా వచ్చిన నన్ను చెప్పుతో కొట్టాలి.

ఉప్పు రాయి కరుగుతుంది గాని నీళ్ళు తాగదు. ఆ సగం నీళ్ళు ఎవరు తీసుకున్నారు? వెంటనే కనుక్కో.

నీ తమ్ముడు
తిరువేంగడం

తా.క. ఆ నిమ్మకాయలతో పులిహోర కలపొద్దు. నీ సంగతి నాకు తెలుసు.

వాషర్‌మన్‌పేట
15-5-1954

తమ్ముడూ, కొంప మునిగింది.

నీళ్ళు తీసింది ఇంటి ఓనరు ఏకాంబరం పెళ్ళాం పాప్పాత్తి. చట్టి పక్కన ఆమె గరిటె దొరికింది. ఈ పెరట్లో చింతపండు నానేసేది నేను, పులుసు పెట్టేది ఆమె. అడిగేది లేదు, ముంచుకొని మూత పెట్టేస్తాది. బుధవారం నించి వాళ్ళ తలుపు తీయలా. పాప్పాత్తి గొంతు వినబడని దినం ఈ ఇంట్లో నేనెరగను. లోపల్నించి ఏకాంబరం మూలుగు మాత్రం వస్తా ఉండాది. ఒకరు పోయినారు, ఇంకొకరు పోతా ఉండారు. తలుపు తట్టేదానికి చెయ్యి రావడంలా, నాయనా!

గోవిందమ్మ

తా.క. ఉరి తీసే ముందర ఏమన్నా చెప్పుకుంటావా అని అడుగుతారంట గదా. నీ పేరు చెప్తాను.

సేలం
17-5-1954

అక్కా, నువ్వు భయపడుతూ కూర్చుంటే మనిషి ప్రాణం పోతుంది. ఈ ఉత్తరం చేతిలో ఉండగానే వెళ్ళి తలుపు తట్టు. పలక్కపోతే విరగ్గొట్టించు. జట్కా కట్టించి ఆసుపత్రికి తీసుకుపో. తాళకం నీళ్ళని డాక్టరుకు దాచకుండా చెప్పు. తప్పు నాది, పోలీసులకు నేనే చెప్పుకుంటాను. శుక్రవారానికి గాని రైల్లో చోటు దొరకలేదు.

తిరువేంగడం

తా.క. ఇక్కడ ఏరిన రాళ్ళన్నీ పారేశాను, ఒక్కటి తప్ప. అది చాలా బాగుంది.

వాషర్‌మన్‌పేట
18-5-1954

తమ్ముడూ, తట్టినా.

ఏకాంబరమే తలుపు తీసినాడు. బతికే ఉండాడు! నేనాడనే కూలబడి ఏడ్చేస్తిని. "ఎందుకమ్మా ఏడస్తావు, నువ్వు కూడా పస్తా?" అన్నాడు.

బుధవారం పాప్పాత్తి ఆ నీళ్ళతోనే పులుసు పెట్టి, ఎప్పటి మాదిరి ఉప్పేసిందంట. నీ రాయి అప్పటికే దాంట్లో కరిగి ఉండాది గదా! ఈయన మొదటి ముద్ద నోట్లో పెట్టీ పెట్టకనే ఉమ్మేసి, "ఇది పులుసా, సముద్రమా?" అని కుండ మొత్తం కాలవలో కుమ్మరించినాడు. ఆమె రుచి కూడా చూడలా, కోపంతో సైదాపేట పుట్టింటికి పోయింది. ఈయనకు వండేది రాదు, హోటలు కూడు ముట్టడు. ఆరు దినాలుగా బొరుగులు తిని మూలగతా ఉండాడు. నిజం చెప్పి ఆసుపత్రికి తీసుకుపోయినా. డాక్టరు చూసి, ఆకలి తప్ప జబ్బేమీ లేదన్నాడు.

చట్టి మూత మీద రోలు పెట్టినా. నువ్వొచ్చి తీసుకో.

నీ అక్క
గోవిందమ్మ

తా.క. ఇకమీద ఏ రాయి తెచ్చినా తోడుగా ఒక ఉప్పు రాయి తేరా. మన ఇద్దరికంటే దానికే బుద్ధి ఉండాది.